కూపర్ జీతం తీసుకుని ఆడలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఐర్లండ్ ఆటగాడు కోల్మ్ కూపర్ మీద మీ క్రీడల పేజీలో వ్యాసం వచ్చి పది రోజులైంది. ఎవరైనా సవరణ వేస్తారేమోనని చూశాను, వేయలేదు. అతన్ని ‘కోట్లు గడించిన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్’ అని రాశారు. పక్కన వేసిన ఫోటో సాకర్ మ్యాచ్‌ది. నేను తొమ్మిదేళ్లుగా ఐర్లండ్‌లోని కిల్లార్నీలో నర్సుగా పనిచేస్తున్నాను. కూపర్‌ది ఈ ఊరే. బాధేసి రాస్తున్నాను.

అతను ఆడింది సాకర్ కాదు, గేలిక్ ఫుట్‌బాల్. అది ఐర్లండ్ వాళ్ల సొంత ఆట, బంతిని చేత్తో కూడా పట్టుకుంటారు. ఎంత గొప్ప ఆటగాడికైనా అందులో జీతం ఉండదు. ఇక్కడ అందరూ ‘గూచ్’ అని పిలుచుకునే కూపర్ బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ ఆడాడు. 2017లో కౌంటీ (జిల్లా) జట్టుకు ఆడటం మానేశాక డబ్లిన్‌లో అతని గౌరవార్థం ఒక విందు పెట్టారు. ఒక్కో టేబులుకు 5,000 యూరోలు. కొంత ఛారిటీకి ఇస్తామన్నా సరే, జీతాల్లేని ఆటలో ఇదేం పద్ధతని ఎంతో మంది తప్పుపట్టారు. ఒక్క విందుకే అంత గొడవైతే, మీరు రాసిన కోట్లు ఎక్కడివండీ?

2002లో కెర్రీ కౌంటీ జట్టులోకి రావడం, 2004, 2006, 2007, 2009లో ఆల్-ఐర్లండ్ (దేశస్థాయి) కప్పులు, ఏటా మేటి ఆటగాళ్లకిచ్చే ఆల్ స్టార్ అవార్డులు ఎనిమిది మీరూ రాశారు. బాగుంది. కానీ అతని క్లబ్బు డాక్టర్ క్రోక్స్ పేరు ఒక్కచోట కూడా లేదు! కౌంటీ అంటే మన జిల్లా జట్టు లాంటిది, క్లబ్బు అంటే సొంత ఊరి జట్టు. చిన్నప్పుడు చేరిన క్లబ్బుకే మామూలుగా చివరిదాకా ఆడతారు. 2014 ఫిబ్రవరిలో కూపర్ మోకాలు దెబ్బతిన్నది క్లబ్బు సెమీఫైనల్లోనే. ఆ సెప్టెంబరులో కెర్రీ కప్పు గెలిస్తే అతను మైదానంలో లేడు. క్లబ్బుల మధ్య జరిగే ఆల్-ఐర్లండ్ కప్పు మాత్రం అతనికి ఏళ్ల తరబడి అందలేదు. 2007 ఫైనల్ డ్రా అయి, మళ్లీ ఆడితే క్రాస్‌మగ్లెన్ అనే క్లబ్బు చేతిలో ఓడారు. చివరికి 2017 మార్చి 17న డబ్లిన్‌లోని క్రోక్ పార్కు స్టేడియంలో స్లాక్‌నీల్ క్లబ్బు మీద రెండు పాయింట్ల తేడాతో గెలిచారు. క్రోక్స్‌కి వచ్చిన ఒకే ఒక్క గోలు కూపర్‌దే. అప్పటికి అతనికి 33 ఏళ్లు. నెల తిరక్కుండానే కౌంటీ ఆటకు సెలవు చెప్పాడు. ఇది వదిలేస్తే అతని గురించి ఏం చెప్పినట్టు?

మా చిన్నవాడికి ఏడేళ్లు. శనివారం పొద్దున వానలోనే ఈ ఆట ప్రాక్టీసు. బంతి పట్టుకుని నాలుగడుగులే వేయాలి, ఆపైన నేలకు కొట్టాలి, లేదా పాదం మీద వదిలి కాలి వేళ్లతో మళ్లీ చేతిలోకి తన్నుకోవాలి. మావాడు బంతిని ముందుకు తన్నేస్తాడు. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరు బురదలో మోకాళ్ల మీద కూర్చుని, వాడి బూటు లేసు బిగించి, పాదం పట్టుకుని వేళ్లు పైకి ఎలా ఎత్తాలో చూపిస్తాడు. ఆయనకూ పైసా రాదు.

మన దగ్గరేమో నేను చదివిన హైస్కూలు గ్రౌండులో ఇప్పుడు కంకర గుట్టలున్నాయి. మా అన్నయ్య జిల్లా కబడ్డీ సెలక్షన్లకు వెళ్తే, తేదీ ముందురోజు సాయంత్రం చెప్పారు. బస్సు ఛార్జీలు నాన్నే ఇచ్చాడు. అధికారులకు పట్టదు సరే, పత్రికలైనా అడగాలి కదా? ఒకప్పుడు జిల్లా పేజీల్లో సంక్రాంతి కబడ్డీ పోటీల ఫలితాలు జట్ల పేర్లతో సహా వచ్చేవి. మా ఇంట్లో అవి కత్తిరించి దాచుకునేవాళ్లం. ఇప్పుడు ఐపీఎల్ వేలంలో ఎవరు ఎంతకు పోయారన్నదే పేజీ నిండా.

మా పెద్దవాడు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. మీ పేజీ చూపిస్తే ఫోటో మీద వేలు పెట్టి, “అమ్మా, ఈయన గూచ్ కాదు” అన్నాడు. సవరణ వేయండి. ఈసారి డాక్టర్ క్రోక్స్ పేరు కూడా రాయండి.

ఒక పాఠకురాలు,
కిల్లార్నీ, ఐర్లండ్