తూటాకు కూడా నంబరు కొట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎన్నికల కోడ్ వచ్చిన ప్రతిసారీ మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వస్తుంది. లైసెన్స్ ఉన్నవాళ్లు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయాలని, ఆ తర్వాత కొన్ని రోజులకు జిల్లాలో ఇన్ని తుపాకులు జమ అయ్యాయని. ఆ వార్తలో తూటాల లెక్క నేను ఎప్పుడూ చూడలేదు. తప్పు మీ విలేకరిది కాదు, ఆయన అడిగినా స్టేషన్‌లో చెప్పడానికి ఉండేది ఒక సంఖ్య మాత్రమే. డిపాజిట్ రసీదులో తుపాకీ రకం రాస్తారు, బోర్ (గొట్టం లోపలి కొలత) రాస్తారు, ఇనుము మీద చెక్కిన నంబరు ఒక్కో అంకె చూసి మరీ రాస్తారు, లైసెన్స్ నంబరు, లైసెన్స్ ఉన్నవాళ్లకు ఇచ్చే గుర్తింపు సంఖ్య యూఐఎన్ కూడా రాస్తారు. దాని కింద "తూటాలు 14" అని రాసి సంతకం పెడతారు. ఏ 14? ఏ షాపులో కొన్నవి, ఏ డబ్బాలోవి? ఎన్నికలయ్యాక తిరిగి ఇచ్చేటప్పుడు అవే ఇచ్చారా, వేరేవి ఇచ్చారా? తెలుసుకునే దారి ఆ కాగితంలో లేదు.

నేను ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో పని చేసి రిటైరైన వాణ్ని. సర్వీసులో చాలా కాలం ఆయుధాల గదిలో, రిజిస్టర్ల మధ్యనే గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను, మన దేశంలో తుపాకీకి ఉన్నంత పుట్టుపూర్వోత్తరాలు తూటాకు లేవు, ఉండాలి. ప్రతి తూటా అడుగున లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన తూటాలన్నిటికీ ఇచ్చే నంబరు, కొట్టాలి, ఆ లాట్ ఎవరికి వెళ్లిందో రికార్డు ఉండాలి, ముందు పోలీసుల తూటాలతో, కేంద్ర బలగాల తూటాలతో మొదలుపెట్టాలి. నేను అడిగేది ఇంతే.

తూటా ఎప్పుడూ చేతిలో పట్టుకోని వాళ్లకోసం రెండు మాటలు. పైన సీసపు గుండు, కింద ఇత్తడి కేసు, మధ్యలో పేలుడు మందు. పిస్టల్ పేల్చితే గుండు వెళ్లిపోతుంది, ఖాళీ కేసు పక్కకు ఎగిరి కింద పడుతుంది. హత్య జరిగిన చోట పోలీసులకు ముందు దొరికేది అదే. దాన్ని తిరగేసి చూస్తే అడుగున చిన్న అక్షరాలుంటాయి. పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీదైతే కె.ఎఫ్. అని, తయారైన సంవత్సరం. అంటే ఎక్కడ పుట్టిందో, ఎప్పుడు పుట్టిందో తెలుస్తుంది. కానీ అదే అచ్చుతో ఆ ఏడాది లక్షల తూటాలు దేశమంతా వెళ్లి ఉంటాయి. లాట్ నంబరు మాత్రం డబ్బా మీదే ఉంటుంది, డబ్బా చించి పారేస్తే ఆ ఆనవాలు కూడా పోయినట్టే.

ఫైరింగ్ ప్రాక్టీస్ రోజు ఎట్లా ఉంటుందో చెప్తాను. పొద్దున్నే రేంజ్‌కు పోయి, ఒక్కొక్కరికి రౌండ్లు, అంటే తూటాలు, లెక్కపెట్టి ఇచ్చి, ఫైరింగ్ అయిపోగానే అందరం వంగి ఎంప్టీలు, అంటే ఖాళీ కేసులు, ఏరేవాళ్లం. అప్పుడే పడ్డ ఇత్తడి చేతికి చురుక్కుమంటుంది. ఒక్కటి తక్కువైనా ఎవరినీ వ్యాన్ ఎక్కనిచ్చేవాళ్లు కాదు, ఎండలో గడ్డి కుదుళ్లలో, రాళ్ల సందుల్లో చేతులతో దేవులాడేవాళ్లం. బయటివాళ్లు చూస్తే ఎంత క్రమశిక్షణ అనుకుంటారు. నిజమే, లెక్క విషయంలో క్రమశిక్షణే. కానీ ఆ ఎంప్టీల సంచి వాపసు వచ్చాక రాసేది సంఖ్య ఒక్కటే. ఇచ్చినవి ఇన్ని, వాపసు వచ్చిన ఖాళీలు ఇన్ని, సరి. ఏ ఖాళీ కేసైనా తిప్పి చూసి, ఇది మనం ఈ రోజు ఇచ్చిన డబ్బాలోదేనా అని అడిగేవాళ్లు లేరు, అడిగినా డబ్బా దాకా తేల్చే గుర్తు దాని మీద లేదు. కొత్తగా వచ్చిన ఒక కుర్ర కానిస్టేబుల్ ఒకసారి నన్ను అడిగాడు, "అన్నా, వేరే దగ్గర దొరికిన ఖాళీలు తెచ్చి కలిపితే ఎట్ల తెలుస్తది?" అని. తెలియదు. ఆ ప్రశ్నకు అప్పటికీ ఇప్పటికీ జవాబు అదే.

ఇది ఊహ కాదనడానికి ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ కేసు చాలు. 2010 ఏప్రిల్‌లో అక్కడి ఎస్‌టీఎఫ్ (ప్రత్యేక దళం) పోలీసులు పట్టుకున్నవాళ్లలో సీఆర్‌పీఎఫ్, పీఏసీ (ఆ రాష్ట్ర సాయుధ పోలీసు దళం), సివిల్ పోలీసు సిబ్బంది ఉన్నారు. ప్రభుత్వ ఆయుధాగారాల నుంచి తూటాలు తీసి బయట అమ్మారని, అవి నక్సలైట్ల దాకా చేరాయని కేసు. వాళ్ల దగ్గర పేలని రౌండ్లతో పాటు ఖాళీ కేసులు కూడా భారీగా దొరికాయి. ఖాళీ ఇత్తడి కేసులు పోలీసోడు ఎందుకు పోగేస్తాడో ఆయుధాల గదిలో పని చేసిన ఎవరినడిగినా చెప్తారు, అమ్మేసిన తూటాలను కాల్చినట్టు లెక్క చూపించడానికే. 2023 అక్టోబర్‌లో కోర్టు 24 మందికి పదేళ్ల జైలు వేసింది, అందులో 20 మంది యూనిఫాం వేసుకున్నవాళ్లే. పట్టుబడిన నాటి నుంచి తీర్పు దాకా 13 ఏళ్లు. 2010 ఏప్రిల్‌లోనే, ఆ పట్టివేతకు మూడు వారాల ముందే, దంతెవాడ అడవిలో నక్సలైట్ల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయారు. సొంత మనుషుల మీదికి పోయే తూటాను సొంత స్టోరు నుంచే అమ్ముకున్నారన్న ఆరోపణ విన్నప్పుడు, ఆ పని చేసి రిటైరైన నాలాంటివాడికి కలిగే బాధ వేరు.

మన జిల్లాలకు తూటా కొత్త కాదు. 2001 డిసెంబర్‌లో దేవరకొండ ఎమ్మెల్యే రాగ్యానాయక్‌ను కాల్చి చంపారు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయనతో పాటు ఉన్నవాళ్లను జెండా పండుగ రోజే కాల్చేశారు. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తుంటే మన కానిస్టేబుల్‌ను, హోంగార్డును బలి తీసుకున్నారు, రెండు రోజులకే మోత్కూరు వైపు జానకీపురంలో మళ్లీ కాల్పులు. 2016 ఆగస్టులో షాద్‌నగర్‌లో గ్యాంగ్‌స్టర్ నయీం ఎన్‌కౌంటర్ అయ్యాక అతని దగ్గర దొరికిన ఆయుధాల గురించి అన్ని పేపర్లూ రాశాయి. వీటన్నిట్లోనూ తుపాకీ ఎక్కడిది అనే చర్చే నడిచింది. తూటా ఎక్కడిది అన్న ప్రశ్న టీవీలోనూ వినలేదు, పేపర్లోనూ చదవలేదు. తుపాకీ ఒకసారి దొరికితే ఇరవై ముప్పై ఏళ్లు పని చేస్తుంది, తూటా మాత్రం ఎప్పటికప్పుడు కొత్తది కావాలి. అంటే దానికి నడుస్తున్న సరఫరా దారి ఒకటి ఉంటుంది. పట్టుకోవాల్సింది ఆ దారినే.

బ్రెజిల్ ఈ పని ఇరవై ఏళ్ల కిందే మొదలుపెట్టింది. 2003 డిసెంబర్‌లో వచ్చిన వాళ్ల ఆయుధ చట్టం ప్రకారం తూటాల డబ్బాకు బార్‌కోడ్ ఉండాలి, పోలీసులకు, భద్రతా బలగాలకు అమ్మే తూటాల మీద లాట్ ఏదో, కొన్నది ఎవరో తెలిసే గుర్తు ఉండాలి. 2018 మార్చి 14న రియోలో కౌన్సిలర్ మారియెల్లీ ఫ్రాంకోను కారులో వెళుతుండగా కాల్చి చంపారు. అక్కడ దొరికిన ఖాళీ కేసుల మీద యూజెడ్‌జెడ్18 అని ఉంది. ఆ లాట్‌ను 2006లో ఫెడరల్ పోలీసులకే అమ్మారని తొందరగానే తేలింది. 2015లో సావో పాలో దగ్గర 17 మందిని చంపిన చోట కూడా అదే లాట్ తూటాలు దొరికాయి. అంటే పోలీసు స్టోరులో ఎక్కడో పెద్ద బొక్క ఉందని ఆ ఇత్తడి ముక్కే చెప్పింది. హంతకుణ్ని అదొక్కటే పట్టించలేదు, ఆ మాట కూడా నిజాయితీగా చెప్పాలి, మాజీ పోలీసులు ఇద్దరికి శిక్ష పడింది 2024లో, వేరే ఆధారాలతో. ఇంకో సంగతి, లాట్‌కు పది వేలకు మించకూడదని వాళ్ల నిబంధన, ఆ లాట్‌లో మాత్రం 18 లక్షలకు పైగా తూటాలున్నాయి. అంత పెద్ద లాట్ అయితే ఏ యూనిట్ నుంచి పోయిందో ఎవరు చెప్పగలరు? మనం చేసేటప్పుడు ఇక్కడే జాగ్రత్త పడాలి. చిన్న లాట్, ఒక లాట్ ఒకే జిల్లాకు లేదా ఒకే బెటాలియన్‌కు.

అమెరికా సంగతి కూడా రాయాలి, ఎందుకంటే నల్లగొండ, పాలమూరు పిల్లలు ఎంతమందో అక్కడ చదువుకుంటున్నారు, పెట్రోల్ బంకుల్లో, స్టోర్లలో రాత్రి డ్యూటీలు చేస్తున్నారు, అక్కడ కాల్పులు అని వార్త వస్తే ఇక్కడ తల్లిదండ్రులకు టెన్షన్‌తో నిద్ర ఉండదు. అక్కడ చేతి తుపాకీ తూటాలకు ఒక్కోదానికి లేజర్‌తో నంబరు కొట్టాలని 2005లో కాలిఫోర్నియాలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. తర్వాత చాలా రాష్ట్రాల్లో అలాంటి బిల్లులే పెట్టారు, అవీ అంతే. ఖర్చు ఎక్కువని కంపెనీలు, హక్కు అని తుపాకీ సంఘాలు అడ్డుపడ్డాయి. 2007లో కాలిఫోర్నియా ఇంకో దారి పట్టింది, పిస్టల్ పేలినప్పుడు తూటాను కొట్టే పిన్ను ఖాళీ కేసు మీద ఆ పిస్టల్ వివరాలు అచ్చు వేయాలని చట్టం చేసింది, తయారీదార్లు ఏళ్ల తరబడి అలాంటి కొత్త పిస్టల్ ఒక్కటి కూడా మార్కెట్లోకి తేలేదు. 2016లో అక్కడి జనం ఓటు వేసి తూటా కొనేవాళ్ల పూర్వాపరాలు చూడాలని నిర్ణయించారు, 2019 జులై నుంచి అమలైంది, 2024లో ఒక ఫెడరల్ జడ్జి కొట్టేస్తే వ్యవహారం పై కోర్టుకు పోయింది. అక్కడ తుపాకీ పట్టుకోవడం రాజ్యాంగ హక్కు కాబట్టి ఈ పంచాయితీ అంతా. మన దగ్గర అది హక్కు కాదు, 1959 ఆయుధ చట్టం కింద ప్రభుత్వం ఇచ్చే అనుమతి. లైసెన్స్ లేకుండా ఒక్క తూటా జేబులో ఉన్నా నేరమే. నంబరు లేని తుపాకీ అమ్మడం కూడా నేరమే. 2019లో చట్టం సవరించి ఒక్కొక్కరికి మూడు తుపాకుల బదులు రెండే అన్నారు. ఇంత కట్టుదిట్టం చేసి తూటా దగ్గరికి వచ్చేసరికి సంఖ్యతో సరిపెట్టుకోవడం ఏమిటి?

నా పాత స్నేహితులతో ఈ మాట అంటే కొన్ని అభ్యంతరాలు వస్తాయి. రివాల్వర్ ఖాళీ కేసులను బయట పడేయదు కదా అంటారు. నిజమే, అది లోపలే ఉంచుకుంటుంది, అక్కడ ఈ గుర్తు దొరకదు. నల్లమల అంచు ఊళ్లలో అడవి పందుల కోసం దాచుకునే నాటు తుపాకులకు అసలు తూటాలే ఉండవు, మందు పోసి సీసపు గుండ్లు దట్టిస్తారు, వాటి మీద ఏ నంబరు కొడతాం? దొంగ తూటాలు తయారు చేసేవాళ్లున్నారు, గుర్తు అరగదీసేవాళ్లుంటారు, ఎక్కడివో ఖాళీలు తెచ్చి నేరం జరిగిన చోట వేసి అమాయకుణ్ని ఇరికించేవాళ్లూ ఉండొచ్చు. ఈ చివరిది నన్ను నిజంగా ఆలోచింపజేస్తుంది. అందుకే లాట్ నంబరు ఒక్కదానితో ఎవరినీ జైల్లో పెట్టకూడదని నిబంధనలోనే రాయాలి. అది దర్యాప్తు ఏ తలుపు తట్టాలో చెప్పే ఆధారం, అంతవరకే. ఇన్ని లోపాలున్నాయి కాబట్టి అసలే వద్దు అనడం మాత్రం నాకు మింగుడుపడదు. నాటు తుపాకీతో జరిగే నేరాన్ని ఇది ఆపదు, కానీ పోలీసు స్టోరు నుంచి 9 ఎంఎం రౌండ్లు మాయమైతే మాత్రం పట్టిస్తుంది.

ఖర్చు ఎక్కువ అనే మాటనూ నేను ఒప్పుకోను. ఫ్యాక్టరీలో ఎలాగూ ప్రతి కేసు అడుగున అచ్చు కొడుతున్నారు, సంవత్సరం పక్కన ఇంకో నాలుగు అక్షరాలు పడతాయి. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, దేవరకొండలో మెడికల్ షాపులో కొన్న అలాంటి గోళీల ప్యాకెట్ ఏ బ్యాచ్‌దో ఫోన్‌తో చూసుకోవచ్చు. ప్రాణం పోసే గోళీకి పెట్టిన శ్రద్ధ ప్రాణం తీసే తూటాకు పెట్టలేమా?

ఆయుధాలు, మందుగుండు కేంద్రం జాబితాలోని అంశం. తెలంగాణ అసెంబ్లీకి దీని మీద చట్టం చేసే వీల్లేదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ 2016 ఆయుధ నిబంధనలను మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కేంద్ర హోంశాఖ నోటిఫికేషన్ ఇస్తే సరిపోతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, భువనగిరి ఎంపీలు నలుగురూ పార్టీలు పక్కన పెట్టి ఈ ప్రశ్న పార్లమెంటులో అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఈలోగా మన రాష్ట్ర హోంశాఖ ఢిల్లీ వైపు చూడకుండా చేయగలిగిన పని ఒకటుంది. జిల్లా ఆయుధాగారాల్లో తూటాలు ఇచ్చే రిజిస్టర్‌లో డబ్బా మీది లాట్ నంబరుకు ఒక కాలమ్ పెట్టడం, ప్రాక్టీస్ తర్వాత వచ్చిన ఎంప్టీలను అడుగున ఉన్న ఫ్యాక్టరీ గుర్తు, సంవత్సరం చూసి జమ చేసుకోవడం. 2012లో తయారైన రౌండ్లు ఇస్తే 1998 నాటి ఖాళీలు వాపసు వస్తే అక్కడే ఆగి అడగొచ్చు. దీనికి కావలసింది ఒక భూతద్దం, ఓపిక ఉన్న ఒక హెడ్ కానిస్టేబుల్, పై అధికారి సంతకంతో ఒక మెమో. లైసెన్స్ షాపుల వాళ్లు కూడా అమ్మిన తూటాల సంఖ్యతో పాటు డబ్బా లాట్ నంబరును కొన్నవాళ్ల లైసెన్స్ పుస్తకంలో రాయాలి. వచ్చే ఎన్నికల కోడ్ నాటికి స్టేషన్ డిపాజిట్ రసీదులో కూడా అదే రాయాలి.

ఇట్లు
ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ (ఆర్మ్‌డ్ రిజర్వ్), నల్లగొండ