గర్భిణికి సిఫిలిస్ ఇంజక్షన్ పీహెచ్‌సీలోనే వేయించండి: ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఒకే ఒక్క ఇంజక్షన్ గురించి ఈ లేఖ.

గర్భిణి మొదటిసారి చెకప్‌కు వచ్చినప్పుడే హెచ్ఐవీతో పాటు, లైంగికంగా సోకే సిఫిలిస్ జబ్బుకు పరీక్ష కూడా చేయాలన్న నియమం ఉంది. వేలి చివర రక్తపు చుక్కతో 20 నిమిషాల్లో తేల్చే కిట్లూ ఉన్నాయి. చిక్కంతా ఆ తర్వాతే. పాజిటివ్ వస్తే బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు కండకు వేయాలి. నేను చూసినంతలో పీహెచ్‌సీలో వేసేవాళ్లు తక్కువ. 'రియాక్షన్ వస్తే ఎవరు చూస్తారమ్మా, పెద్దాసుపత్రికి వెళ్లు' అని చీటీ రాసిస్తారు. జబ్బు ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు సూదులు పడాలి. అంటే మూడుసార్లు కూలి మానుకోవాలి, మూడుసార్లు చర్మవ్యాధుల ఓపీలో నలుగురి మధ్య నిలబడాలి. అంతా చేసి వెళ్తే స్టాకు లేదనిపించుకున్నవాళ్లూ ఉన్నారు.

రియాక్షన్ భయం ఉత్తదే అనను. కానీ అది అరుదు. రుమాటిక్ గుండె జబ్బున్న పిల్లలకు ఏళ్ల తరబడి మూడు నాలుగు వారాలకోసారి వేసేది ఈ మందే. మందు చిక్కన, సన్న సూదిలో అడ్డుపడుతుంది, నొప్పి కూడా ఎక్కువే. అది చేతి ఒడుపు సంగతి, నేర్పితే వస్తుంది. అలర్జీ ఉందేమో ముందే అడిగి, రియాక్షన్‌కు విరుగుడైన ఎడ్రినలిన్ పక్కన పెట్టుకుని, వేశాక అరగంట కూర్చోబెట్టడం డాక్టరున్న పీహెచ్‌సీకి చేతకాని పనా? టీకాల రోజు చేస్తున్నదీ అదే కదా.

పైగా గర్భిణికి దీనికి బదులు మందు లేదు. డాక్సీసైక్లిన్ ఇవ్వకూడదు. అజిత్రోమైసిన్ కడుపులో బిడ్డను కాపాడుతుందన్న భరోసా లేదు. చికిత్స అందకపోతే సగానికి పైగా గర్భాలకు ముప్పే. బిడ్డ కడుపులోనే పోవచ్చు, నెలలు నిండకుండా పుట్టవచ్చు, బతికినా ఎముకలు, కాలేయం, చెవులు దెబ్బతినవచ్చు. కాన్పుకు కనీసం నెల ముందే మొదటి సూది పడాలి. ఏడో నెల దాటాక చీటీ పట్టుకుని తిరిగేదాకా ఆ గడువు ఆగదు.

భర్త సంగతి మరీ అన్యాయం. అతనికి ముందు వచ్చిన పుండు నొప్పి ఉండదు, కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. అతనికీ వైద్యం జరగకపోతే, అది పూర్తయ్యేదాకా కండోమ్ వాడకపోతే ఆమెకు మళ్లీ సోకుతుంది. నింద మాత్రం ఆమె మీదే. వైద్యానికి వచ్చే మగాళ్లేమో బస్టాండు గోడల మీద 'సుఖవ్యాధులకు గ్యారంటీ వైద్యం' అని రాయించుకున్న లాడ్జి డాక్టర్ల దగ్గరికి పోతారు. ప్రభుత్వాసుపత్రిలో ఈ జబ్బులను ఉచితంగా చూసే సురక్ష క్లినిక్ ఉందని వాళ్లకు తెలియదు. ఆ గోడల మీద మన బోర్డు పెట్టించండి.

ఇంకొకటి. గర్భిణి కార్డు మీద ఎర్ర సిరాతో 'పాజిటివ్' అని రాయడం ఆపించండి. అది అత్తగారూ చదువుతారు, ఆడపడుచూ చదువుతుంది. వేలి రక్తపు చుక్కతో చేసే ఆ ర్యాపిడ్ పరీక్ష నయమయ్యాక కూడా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే చూపిస్తుంది. తగ్గిందో లేదో తేల్చడానికి ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్ఎల్ అనే వేరే రక్తపరీక్ష కావాలి.

శ్రీలంక తల్లి నుంచి బిడ్డకు సిఫిలిస్ సోకడాన్ని అరికట్టినట్టు 2019లోనే డబ్ల్యూహెచ్ఓ గుర్తింపు పొందింది. మనకు తెలియని మందేమీ వాళ్లు వాడలేదు. వచ్చే సమీక్షలో ఎంతమందికి పరీక్ష చేశారని మాత్రమే అడక్కండి. పాజిటివ్ వచ్చిన వారంలోపు ఎంతమందికి సూది పడింది, వాళ్ల భర్తల్లో ఎంతమందికి పడింది, ఏ పీహెచ్‌సీలో మందు నిండుకుంది, ఈ మూడు లెక్కలూ జిల్లాలవారీగా తెప్పించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు