సముద్రంలో పడ్డ కప్పలు

అమ్మడూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా. జీబీఐఎఫ్ (ఏ జీవి ఎక్కడ దొరికిందో చెప్పే రికార్డుల్ని ప్రపంచమంతా పంచుకునే వెబ్‌సైట్) నుంచి మ్యూజియం రికార్డులు తీసి క్లాసులో మ్యాప్ వేయిస్తే, కప్పలు కొన్ని ఆఫ్రికా పక్కన సముద్రంలో పడ్డాయని, పిల్లలు ఒకటే నవ్వని రాశావు. "తప్పులు తీసేసి ఇవ్వాల్సింది నాన్నా" అన్నావు. అక్కడే నీతో నాకు పేచీ.

అవి అక్కడికెందుకు వెళ్లాయో వాళ్లనే కనిపెట్టనీ. అక్షాంశం, రేఖాంశం తెలియనప్పుడు గడి ఖాళీగా వదలకుండా ఎవరో సున్నాలు కొట్టి ఉంటారు. రెండూ సున్నా అయితే వచ్చేది గినియా సింధుశాఖే. 'తెలియదు' వేరు, 'సున్నా' వేరు అని నువ్వు బోర్డు మీద గంటసేపు చెప్పినా ఇంత బాగా ఎక్కదు.

నేనేం తక్కువ తినలేదులే. మ్యూజియం ఉద్యోగంలో చేరిన కొత్తలో, జీవుల్ని దాచిన సీసాల మీది చీటీలు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే ఒకదాని మీద 3-4-21 అని ఉంది. ఏప్రిల్ 3 అని కొట్టేసి ముందుకెళ్లా. ఆ జీవిని పట్టినాయన నోటుబుక్కు తర్వాత దొరికింది, చూస్తే మార్చి 4! అందుకే డార్విన్ కోర్‌లో, అంటే ఇలాంటి రికార్డులు రాయడానికి అందరూ వాడే గడుల పద్ధతిలో, చీటీ మీది తేదీని ఉన్నదున్నట్టు రాయడానికి వేరే గడి పెట్టారు. ఆ గడి పిల్లలకి తప్పకుండా చూపించు.

మ్యాప్‌లో చుక్క లేని చోట ఆ కప్ప లేదని మాత్రం రాయనివ్వకు. పట్టేవాళ్లు ఎక్కువగా రోడ్డు వెంబడి, వెళ్లడానికి వీలైన చోటికే వెళ్లారు.

వచ్చే క్లాసుకి గుడ్ల కథ ఎత్తుకో. బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే పక్షుల శాస్త్రవేత్త పాత సేకరణల్లోని డేగల గుడ్ల పెంకులు తూచాడు. సొన తీసేసి దాచిన ఉత్త పెంకులు కాబట్టి తూచడం తేలికే. పెంకు ఎంత మందమో అంచనా కట్టడానికి దాని బరువుని గుడ్డు పొడవు, వెడల్పుల లబ్ధంతో భాగించాడు, అంతే లెక్క. 1947 ప్రాంతం నుంచి పెంకులు పలచబడ్డాయని 1967లో ప్రచురించాడు. కారణం డీడీటీ అనే పురుగుల మందు అని తర్వాత తేలింది. ఆ గుడ్లు పోగేసినవాళ్లు డీడీటీ సంగతి తేల్చడానికి పోగేయలేదు, సరదాకి దాచుకున్నారు. పిల్లలకి ముందు అంకెలే ఇచ్చి గ్రాఫ్ గీయించు, డీడీటీ పేరు చివరిదాకా ఎత్తకు.

ఆ కప్పల కేటలాగ్ నంబర్లు రాసిపెట్టుకున్నావా? సరిచేయమని ఆ మ్యూజియానికి మెయిల్ పెట్టండి. నువ్వు కాదు, పిల్లల చేతే రాయించు.

నాన్న