ఆడపడుచు సంతకం

సంపాదకులకు,

స్త్రీవాద ఉద్యమం పని అయిపోయిందనీ, చట్టాలన్నీ వచ్చాక ఇక అడగవలసిందేమీ మిగల్లేదనీ ఈమధ్య తరచుగా వినవస్తోంది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట చాలా ఏళ్లు దస్తావేజు లేఖరిగా కూర్చున్న నాకు ఆ మాట మింగుడుపడదు.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మాత్రం గుమ్మం బయటే ఉంచింది. 2005లో కేంద్రం ఆ అడ్డు తీసేసింది. కూతురికి వాటా రావడానికి ఆ 2005 సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. తమాషా ఏమిటంటే, చట్టం బలపడేకొద్దీ నా దగ్గర హక్కు విడుదల దస్తావేజులు, అంటే కూతురు తన వాటా వదులుకుంటూ రాసిచ్చే పత్రాలు, పెరిగాయి. పూర్వం ఆడపిల్ల సంతకం ఎవరికీ అక్కర్లేదు, ఇప్పుడు కావలసివచ్చింది. "ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్తిగా" అని ఆమె తరఫున నేనే రాసేవాణ్ణి. అన్నదమ్ములు పక్కనే నిలబడి ఉండేవారు. కట్నం ఇచ్చాం కదా అనేవారు, 1961 నుంచి ఇవ్వడమే నేరమైన ఆ సొమ్ము అత్తవారికి చేరినా సరే.

ఆమె తెలియక సంతకం పెట్టదు. రేపు మొగుడు వదిలేస్తే, తాగి కొడితే, పిల్లల్ని తీసుకుని వెళ్లడానికి ఆమెకున్నది పుట్టింటి గడప ఒక్కటే. వాటా అడిగితే అదీ మూసుకుపోతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతటా సారాను నిషేధింపజేసింది. సారా కొట్టు వీధిలో ఉంది కనుక నలుగురూ కలిసి మూయించగలిగారు. తోడబుట్టినవాడి ముందు మాత్రం ఆమె ఒంటరిగా నిలబడాలి. పైగా అతడంటే ఆమెకు ప్రేమ. ఇంతవరకూ ఉద్యమం నినాదం వెళ్లలేకపోయిన చోటు అదే.

అందుచేత ఉద్యమం ఇకపై కొత్త చట్టాల కోసం కన్నా, పుట్టింటి దయ మీద ఆధారపడకుండా నాలుగు నెలలు తలదాచుకునే వసతి ప్రతి మండలంలోనూ ఉండాలని పోరాడితే మేలు. దాంతోపాటు, విడుదల పత్రం రిజిస్టరు చేసే ముందు ఆమెను విడిగా కూర్చోబెట్టి, వదులుకుంటున్న వాటా విలువ ఎంతో చెప్పాలన్న నిబంధనను ప్రభుత్వం తేవాలి. ఇప్పుడు అక్కడ అడిగేదల్లా సంతకం మీదేనా అని మాత్రమే.

— ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి, గుంటూరు జిల్లా