కొత్త బ్రేక్ పైపుకు బిల్లు వేసి, పాతదానికే అతుకు పెట్టడం గురించి ఫిర్యాదు

విశాఖపట్నం,
23 జూన్ 2025.

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

విషయం: మే 9న మీ వర్క్‌షాపులో నా కారుకు చేసిన బ్రేక్ పైపు, పెట్రోల్ పైపు పని.

అయ్యా,

నాది 2004 మోడల్ మారుతి 800. ఆరేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో 55,000 రూపాయలకు కొన్నాను. మేముండేది సాగర్‌నగర్‌లో. అక్కడి ఉప్పు గాలికి ఇంటి గేటే ఏటా తుప్పు పడుతుంది, ఇక బండి అడుగున పైపుల సంగతి చెప్పక్కర్లేదు. ఏప్రిల్ చివర్లో బండి ఆపినచోట నేల తడిగా కనిపించింది. వెనక సీట్లో పెట్రోల్ వాసన కూడా మొదలైంది. మీ సూపర్‌వైజరు బండిని లిఫ్ట్ ఎక్కించి, పైపులు రెండూ పక్కపక్కన వెళ్లేచోట క్లిప్పుల కింద తడి మట్టి పేరుకుని తుప్పు తినేసిందని చూపించారు. ఆయన చెప్పింది నిజమే. రెండూ మార్చాలన్నారు, సరేనన్నాను. వెనక బ్రేక్ పైపు కొత్తది 3,200, పెట్రోల్ పైపు కొత్తది 2,150, లేబర్ 2,500, మొత్తం 7,850 రూపాయలు కట్టాను.

జూన్ 15 ఆదివారం అమ్మను, మా పాపను తీసుకుని సింహాచలం వెళ్లాను. దర్శనం చేసుకుని ఘాట్ రోడ్డు దిగుతున్నాం. ఒక మలుపు ముందు బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. మళ్లీ మళ్లీ తొక్కాను. రెండో గేరులోకి దించి, హ్యాండ్‌బ్రేక్ లాగాను. బ్రేక్ ఆయిల్ వెళ్లే దారులు (సర్క్యూట్లు) రెండు, వాటిలో చెడని రెండోదానిలో మిగిలిన కొద్దిపాటి బ్రేకు కూడా తోడై, ముందున్న ఆటోకు బారెడు దూరంలో బండి ఆగింది. ఇంటికి చేరేదాకా అమ్మ నోరు విప్పలేదు.

బండిని లారీ మీద ఎక్కించి ఆరిలోవలో మాకు తెలిసిన మేస్త్రీ షెడ్డుకు తీసుకెళ్లాను. అడుగున దట్టంగా పూసిన నల్లరంగు ఆయన గీకి చూపించారు. కొత్త పైపు లేదు. తుప్పు పట్టిన మేర కోసేసి, ఆ ఖాళీలో జానెడు రాగి గొట్టం పెట్టారు. రెండు చివర్లా ఇత్తడి కంప్రెషన్ జాయింట్లు (పైపును రింగుతో నొక్కి పట్టేవి) బిగించారు. అందులో ఒక జాయింట్ నుంచి పైపు జారి బయటికి వచ్చేసింది. పెట్రోల్ పైపుకూ ఇదే వైద్యం: మధ్యలో మామూలు రబ్బరు గొట్టం, రెండు క్లిప్పులు. అప్పటికే ఆ గొట్టం చెమర్చుతోంది. నాది ఎంపీఎఫ్ఐ బండి, అంటే ఇంజిన్‌లోకి పెట్రోల్‌ను ఇంజెక్టర్లతో చిమ్మే రకం, పంపు ట్యాంకులోనే ఉండి ప్రెషర్‌తో తోస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. దానికి తట్టుకునే గొట్టం వేరే ఉంటుందని మీ మెకానిక్కులకు తెలియదనుకోను.

బ్రేక్ పైపు విషయంలో అసలు రాజీ కుదరదు. టైరులో గాలి ఒత్తిడి సుమారు 2 బార్లు. బ్రేక్ గట్టిగా తొక్కితే ఆ సన్నని పైపులో ఒత్తిడి 70, 80 బార్లు దాటవచ్చు. అందుకే స్టీల్ పైపు మూతిని రెండు మడతలుగా విప్పి, నట్టుతో బిగిస్తారు. రాగి గొట్టం అదురుకు బిరుసెక్కి పగులుతుంది, కంప్రెషన్ జాయింట్ పట్టు వదులుతుంది. ఆరిలోవ మేస్త్రీ ముందు నుంచి వెనకదాకా 4.75 మిల్లీమీటర్ల కొత్త స్టీల్ పైపు ఒకటే వేసి, బ్రేక్ ఆయిల్ మార్చి, నాలుగు చక్రాల దగ్గరా పైపుల్లో చేరిన గాలి (ఎయిర్) తీశారు.

నేను ఫోన్ చేస్తే మీ సూపర్‌వైజరు అన్న మాట ఇది: "సార్, యాభై వేల బండికి పైపంతా ఎందుకని అలా చేశాం." ఆ మాటే నన్ను ఈ లేఖ రాయించింది. బండి చవకదని సింహాచలం కొండ వాలు తగ్గదు. ఖర్చు ఎక్కువవుతుందని ముందే చెప్పి ఉంటే అప్పోసప్పో చేసేవాణ్ణి, లేదా డబ్బు సమకూరేదాకా బండి తీసేవాణ్ణే కాదు. నన్ను అడక్కుండా మీరే నిర్ణయించి, ఆ అతుకును రంగు కింద దాచి, కొత్త పైపుకు డబ్బు తీసుకున్నారు.

మే 9న కట్టిన 7,850, బండిని మోయించిన 1,800 రూపాయలు తిరిగి ఇవ్వండి. ఆరిలోవలో చేయించిన పని ఖర్చు అడగను, అది ఎలాగూ నేను పెట్టవలసిందే. అంతకన్నా ముఖ్యంగా, మీ దగ్గర బ్రేక్ పైపు పని చేయించుకున్న పాత బళ్లవాళ్లందరికీ ఫోన్ చేసి పిలిచి, అడుగున చూసి, ఇలాంటి అతుకులుంటే మీ ఖర్చుతో మార్చండి. ఎంతమందిని పిలిచారో నాకు రాతపూర్వకంగా తెలపండి. వాళ్లలో ఎవరో ఒకరు ఈ ఆదివారం పిల్లలతో అదే ఘాట్ దిగుతుండవచ్చు.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు.

మీ బిల్లు నకలు, ఫొటోలు జత చేశాను. కోసి తీసిన ముక్కలు, రాగి గొట్టంతో సహా, నా దగ్గరే ఉన్నాయి. మీ మనిషిని పంపితే చూపిస్తాను, చేతికివ్వను.

ఇట్లు,
మీ వినియోగదారుడు