అమ్మడూ, ఆ పొడి కొనకు

అమ్మడూ,

కాన్పయ్యాక తెలియకుండానే మూత్రం చుక్కలు పడుతోందని, దానికోసం కొననా అని నువ్వు అడిగిన మూలికల పొడి సంగతి ముందు తేల్చేస్తాను. కొనకు. "వంద శాతం సహజం" అని డబ్బా మీద రాసుకున్నంత మాత్రాన అది పనిచేస్తుందనీ కాదు, హాని చెయ్యదనీ కాదు. నువ్వింకా బిడ్డకు పాలిస్తున్నావు. అందులో ఏ మూలిక ఎంత ఉందో, పాలలోకి ఎంత దిగుతుందో ఆ డబ్బా అమ్మేవాళ్ళు చెప్పరు. గుమ్మడి గింజల సారం మీద జరిగిన పరీక్షలు చిన్నవి, వాటిని నమ్ముకుని డబ్బు పెట్టలేం. క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్ర పండు కొందరికి మాటిమాటికీ వచ్చే మూత్ర ఇన్‌ఫెక్షన్లను తగ్గిస్తుందంటారు, అది నిజమే. చుక్కలు పడటం వేరే సంగతి, దానికది మందు కాదు.

మరి మందుల్లేకుండా తగ్గదా అంటే, చాలామందికి తగ్గుతుంది. నీలాంటివాళ్ళకి డాక్టర్లు మొదట చెప్పేదీ అదే. కాకపోతే అది డబ్బాలో దొరకదు. రోజూ మనమే చెయ్యాలి.

దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, బిడ్డను ఎత్తుకున్నా చుక్క పడటం ఒక రకం. నీది అదే. నాది ఇంకో రకం: ఉన్నట్టుండి తన్నుకొస్తుంది, బయటి నుంచి వచ్చి తలుపు తాళం తీసేలోపే ఆగదు. రెండూ కలిసి ఉన్నవాళ్ళూ ఉంటారు. అందుకే ఒకళ్ళకి పనిచేసిన చిట్కా ఇంకొకళ్ళకి పనిచెయ్యదు. కాన్పు తర్వాత మొదటి మూడు నెలల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఇలా అవుతుంది. నీ స్నేహితురాళ్ళలోనూ ఉండే ఉంటారు, పైకి చెప్పరంతే.

కడుపులో బిడ్డ బరువుకీ, కాన్పుకీ నీలో వదులైనవి పెల్విక్ ఫ్లోర్ కండరాలు. ముందు వైపు ఎముక నుంచి వెనక వెన్ను చివరి దాకా ఊయలలా పరుచుకుని మూత్రాశయాన్నీ గర్భసంచినీ మోసేవి ఇవే. వీటిని బిగించే వ్యాయామాన్ని ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా గైనకాలజిస్టు 1948లో ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఎలా చెయ్యాలంటే, గ్యాస్ బయటికి పోకుండా ఆపుకుంటున్నట్టు, అదే సమయంలో మూత్రం కూడా ఆపుకుంటున్నట్టు లోపలికీ పైకీ లాగు. పిరుదులు బిగుసుకోకూడదు, తొడలు దగ్గరికి రాకూడదు, ఊపిరి ఆగకూడదు. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని చూడు, పొట్ట ముందుకి ఉబ్బుతోందంటే నువ్వు పైకి లాగట్లేదు, కిందికి ముక్కుతున్నావన్నమాట. అలా చేస్తే ఉన్న బలమూ పోతుంది. మొదట్లో మూడు నాలుగు సెకన్లు పట్టి ఉంచి, మళ్ళీ అంతే సేపు పూర్తిగా వదిలెయ్యి. పోను పోను పది సెకన్ల దాకా వెళ్ళొచ్చు. ఒక్కో విడతకి కనీసం ఎనిమిది, రోజుకి మూడు విడతలు. మధ్యలో కొన్ని టక్కుటక్కున బిగించి వదిలేవి కూడా చెయ్యి.

మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చెయ్యమని కొందరు చెప్తారు. కండరం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక్కసారి చూస్తే చూడు, అలవాటు మాత్రం చేసుకోకు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవ్వకపోవచ్చు. వీలైతే ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టుకి ఒకసారి చూపించుకో. కాగితం మీద చదివి చేసేవాళ్ళలో చాలామంది తప్పు కండరాన్ని బిగిస్తూ ఉంటారు.

ఇంకో కిటుకుంది, నాకు చాలా ఇష్టమైనది. తుమ్ము వస్తోందని తెలియగానే ముందు ఆ కండరం బిగించి, తర్వాత తుమ్ము. బిడ్డను ఎత్తుకునే ముందూ అంతే. కండరానికి బలం రాకముందే దీంతో తేడా తెలుస్తుంది. వ్యాయామానికి మాత్రం కనీసం మూడు నెలలు గడువివ్వాలి. రెండు వారాలు చేసి "ఏమీ లేదమ్మా" అన్నావో, నేను వినను.

నా రకానికి మందు గడియారం. మామూలుగా మూత్రాశయంలో 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. "ఎందుకైనా మంచిది" అని గంట గంటకీ వెళ్తూ ఉంటే అది కొంచెం నిండగానే అరవడం నేర్చుకుంటుంది. అందుకని రెండు సార్ల మధ్య సమయాన్ని పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి. తన్నుకొచ్చినప్పుడు పరుగెత్తకూడదు. ఉన్నచోటే నిలబడి, కండరాన్ని ఐదారుసార్లు చకచకా బిగించి, నూటి నుంచి ఏడేసి తీసేస్తూ లెక్కపెడతాను. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది... ఆ లెక్కలో తికమకపడేసరికి ఉధృతం తగ్గుతుంది. అప్పుడు మామూలుగా నడిచి వెళ్తాను. దీనికి కనీసం ఆరు వారాలు ఓపిక పట్టాలి. నువ్వు కూడా "ఎందుకైనా మంచిది" అనే అలవాటు చేసుకోకు.

నీళ్ళు తాగడం తగ్గించానన్నావు, అదొక్కటీ నాకు నచ్చలేదు. మూత్రం చిక్కబడితే మూత్రాశయానికి మంట, పైగా మలబద్ధకం. ముక్కీ ముక్కీ వెళ్తే మళ్ళీ ఆ కండరాల మీదే భారం. మామూలు మనిషికి రోజుకి లీటరున్నర, రెండు లీటర్లు సరిపోతాయి. పాలిచ్చే నీకు దాహాన్ని బట్టి ఇంకా కావాలి. పడుకునే ముందు రెండు గంటలు తగ్గించుకుంటే చాలు. కాఫీ, టీ, కోలా మాత్రం తగ్గించు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది, రోజుకొక కప్పు చొప్పున తగ్గించు.

బరువు మాట ఎత్తితే నీకు కోపం, అయినా చెప్తాను. 2009లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో అధిక బరువున్న ఆడవాళ్ళు ఆరు నెలల్లో 8 శాతం బరువు తగ్గితే, వారానికి ఎన్నిసార్లు లీకవుతోందో ఆ లెక్క 47 శాతం తగ్గింది. బరువు తగ్గించే కార్యక్రమం లేని రెండో గుంపులో 28 శాతమే. అలాగని పాలిచ్చే రోజుల్లో కడుపు మాడ్చుకోకు, ఇప్పటికి నడక చాలు. గెంతే వ్యాయామాల క్లాసు మూడు నెలలు వాయిదా వెయ్యి. నెలసరి ప్యాడ్లు ఇందుకు పనికిరావు, మూత్రం పీల్చేవి వేరే ఉంటాయి, తడి ఒంటికి అంటదు.

ఇవన్నీ నీ అంతట నువ్వు చేసుకోవచ్చు. కానీ మూత్రంలో రక్తం, మంట, జ్వరం ఉన్నా, దగ్గకపోయినా పగలూ రాత్రీ కారుతూనే ఉన్నా, కింద ఏదో జారినట్టు అనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్ళు. విపరీతమైన దాహంతో మాటిమాటికీ వెళ్ళాల్సివస్తే షుగర్ పరీక్ష చేయించుకో. నడుం నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరి పట్టినా, కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం అసలు రాకపోయినా తెల్లారేదాకా ఆగకుండా అదే నిమిషం ఆసుపత్రికి. ఈ పేరా అల్లుడిక్కూడా చదివి వినిపించు.

రేపటి నుంచి మూడు రోజులు ఒక కాగితం మీద రాయి: ఎప్పుడు ఎంత తాగావు, ఎప్పుడు వెళ్ళావు, ఎప్పుడు చుక్క పడింది, అప్పుడేం చేస్తున్నావు. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు అవే. రాశాక ఫోటో తీసి పంపు, ఫోన్లో ఇద్దరం కలిసి చూద్దాం.

అమ్మ