పాత కారులో పసుపు దీపం: మీ సర్వీసు విభాగం తీరుపై ఫిర్యాదు

దేవరకొండ,
నల్లగొండ జిల్లా.

కస్టమర్ సంబంధాల విభాగాధిపతి గారికి,

అయ్యా,

మీ పేరు తెలిస్తే పేరుతోనే రాసేవాడిని. అడిగాను కూడా. "పై అధికారుల పేర్లు చెప్పడానికి మాకు అనుమతి లేదు సార్" అని మీ కస్టమర్ కేర్ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. నా పేరు, ఇంటి నంబరు, పిన్ కోడ్, బండి కొన్న తేదీ, చివరి సర్వీసు తేదీ, ఇవన్నీ ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటి నుంచి అడగడానికి మాత్రం అనుమతి ఉన్నట్టుంది.

విషయం చిన్నదే. 2015లో మీ దగ్గర కొన్న పెట్రోల్ కారు. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ బొమ్మతో ఉండే పసుపు దీపం వెలుగుతుంది, కొన్నాళ్లకు దానంతటదే ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. బండి బాగానే లాగుతోంది. మైలేజీ తగ్గలేదు, పొగ లేదు, శబ్దం లేదు. బండికి ఏ రోగమూ లేకుండా దీపం ఎందుకు వెలుగుతోందన్నదే నా సందేహం. బండి తయారు చేసినవాళ్లను అడగడం న్యాయమని మీ దగ్గరికి వచ్చాను.

సీజన్‌లో నా ఎరువుల దుకాణం మూసుకుని, కొండమల్లేపల్లి మీదుగా నల్లగొండలోని మీ అధీకృత సర్వీసు కేంద్రానికి వెళ్లాను. ట్యాబ్ పట్టుకుని ఒక సర్వీస్ అడ్వైజర్ ఎదురొచ్చాడు. బండికి నాలుగు వైపులా ఫొటోలు తీశాడు. వెనక బంపర్ మీద పాత గీత ఒకటుంటే మోకాళ్ల మీద కూర్చుని మరీ తీశాడు. రేపు ఆ గీత మీ వాళ్లే గీశారని నేను అనకుండా ముందు జాగ్రత్త. దీపాన్ని మాత్రం ఫొటో తీయలేదు. నేనే తలుపు తీసి, తాళం తిప్పి, "బాబూ, నేను వచ్చింది దీనికోసం" అని చూపించాల్సి వచ్చింది. "పెట్రోల్ ఎక్కడ పోయిస్తారు సార్?" అన్నాడు. దేవరకొండలో అన్నాను. అంతా అర్థమైనట్టు తలాడించాడు. అదే బంకులో పోయించుకునే మా ఊరి బండ్లన్నిటికీ దీపాలు ఎందుకు వెలగడం లేదో ఆయన చెప్పలేదు.

సాయంత్రం బండి అప్పగించారు. దీపం లేదు. బిల్లులో స్కానింగ్‌కు డబ్బు వేశారు. ఏమైందని అడిగితే "క్లియర్ చేశాం సార్" అన్నారు. ఏమి క్లియర్ చేశారు? "ఎర్రర్ సార్." ఏ ఎర్రర్? "అది సిస్టమ్‌లో ఉంటుంది సార్." ఆ సిస్టమ్ ఎక్కడుంటుందో, దాన్ని చూడటానికి ఎవరికి అర్హత ఉంటుందో ఈ రోజుకూ నాకు తెలియదు.

వారం తిరగకముందే దీపం మళ్లీ వెలిగింది. మళ్లీ వెళ్లాను. పాత అడ్వైజర్ మానేశాడట. కొత్తాయనకు పాత జాబ్ కార్డులో ఏమీ కనిపించలేదు. ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయన్నాడు. ఏ వైరు కొరికాయో చూపించమంటే బానెట్ ఎత్తి, దించి, "ప్రస్తుతానికైతే లేదు సార్" అన్నాడు. ఇంకోసారి ఇంకొకాయన సెన్సర్ పోయిందన్నాడు, ఏ సెన్సరో చెప్పలేదు. మరొకాయన ఏకంగా ఇంజిన్ కంప్యూటరే మార్చాలన్నాడు. వెళ్లిన ప్రతిసారీ స్కానర్ పెట్టడం, చెరిపేయడం, బిల్లు ఇవ్వడం. చివరకు మేనేజర్ గారు స్వయంగా వచ్చి, "బండి పాతదైపోయింది కదండీ, మన దగ్గర ఎక్స్ఛేంజ్ మేళా నడుస్తోంది" అని కరపత్రం చేతిలో పెట్టారు. ప్రభుత్వం ఈ బండికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ఇచ్చింది, 2030 దాకా గడువుంది. మీ మేనేజర్ గారు రవాణా శాఖ కంటే ముందే తీర్పు చెప్పేశారు.

ఇక మీ కస్టమర్ కేర్ సంగతి. తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే హిందీ వస్తుంది. "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని రికార్డు మాత్రం చక్కటి తెలుగులో చెబుతుంది, సంగీతం వినిపిస్తుంది, మళ్లీ ముఖ్యం అంటుంది. ఎవరో ఒకరు దొరికాక ఛాసిస్ నంబరు చెప్పాలి. పదిహేడు అంకెలూ అక్షరాలూ ఒక్కొక్కటిగా చెబుతూ పోతే, మధ్యలో "అది ఓ నా, సున్నానా సార్?" అన్నాడు ఒకబ్బాయి. అయ్యా, ఛాసిస్ నంబరులో ఓ అనే ఇంగ్లిష్ అక్షరమే ఉండదు. ఐ, క్యూ కూడా ఉండవు. అంకెలతో పొరబడకూడదని వాటిని ముందే తీసేశారు. ఎరువులు అమ్ముకునే నాకు తెలిసిన ఈ సంగతి కార్లు అమ్మే మీ మనిషికి తెలియకపోతే, ఇంజిన్ లోపలి సంగతి ఆయన్ను అడిగి ఏం లాభం? అంతా రాసుకుని, నలభై ఎనిమిది గంటల్లో ఫోన్ వస్తుందన్నాడు. ఫోన్ రాలేదు. ఫిర్యాదు పరిష్కారమైందని సందేశం వచ్చింది. ఆ సందేశం చదువుతున్నప్పుడు నేను కారులోనే ఉన్నాను, దీపం వెలుగుతూనే ఉంది. ఆ తర్వాత ఇంకో అమ్మాయి ఫోన్ చేసి, "మా సేవలకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు సార్?" అంది. సున్నా అన్నాను. "కారణం చెప్పగలరా?" అంది. చెప్పడం మొదలుపెట్టగానే, "ఫిర్యాదుల నంబరు వేరే ఉంది సార్" అంది.

చివరకు నాకు జవాబు చెప్పింది కొండమల్లేపల్లిలో రోడ్డు పక్కన షెడ్డు వేసుకున్న ఒక మెకానిక్. గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని, స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో అగ్గిపెట్టెంత పరికరం గుచ్చి, ఫోన్ తెర నావైపు తిప్పాడు. పీ0420 అని ఉంది. అది లోపాన్ని తెలిపే కోడ్. సైలెన్సర్ గొట్టంలో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుందట. దానికి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు. కన్వర్టర్ సరిగా పనిచేస్తుంటే వెనక సెన్సర్ రీడింగు నిలకడగా ఉంటుంది. అదీ ముందుదానిలాగే పైకీ కిందికీ ఊగుతుంటే, కన్వర్టర్ పని చేయడం లేదని కంప్యూటర్ దీపం వెలిగిస్తుంది. అంతమాత్రాన కన్వర్టరే పోయిందని కాదు, వెనక సెన్సర్ పాడైనా, గొట్టం జాయింటు దగ్గర గాలి లీకవుతున్నా ఇదే కోడ్ రావచ్చు, ముందు లీకు చూసుకోవాలి, అది తక్కువ ఖర్చు, అన్నాడు. ఇదంతా నిలబడ్డచోటే చెప్పాడు. డబ్బు తీసుకోలేదు.

ఆయన చెప్పిన ఇంకో మాటకు నాకు ఒళ్లు మండింది. కోడ్‌తో పాటు, దీపం వెలిగిన క్షణాన ఇంజిన్ వేడి ఎంత, వేగం ఎంత, లోడు ఎంత అన్న వివరాలను కూడా కంప్యూటర్ దాచి ఉంచుతుందట. కోడ్ చెరిపితే అవీ పోతాయి. అంటే నా బండి తన బాధ చెప్పుకున్న ప్రతిసారీ మీవాళ్లు విన్నారు, నాకు చెప్పలేదు, చెరిపేశారు, చెరిపినందుకు నా దగ్గరే డబ్బు తీసుకున్నారు.

నాది ఎరువులు, విత్తనాల దుకాణం. మొలక రాలేదని రైతు వస్తే ముందు సంచి మీది లాట్ నంబరు రాసుకుంటాను, ఆ తర్వాత చేను చూడటానికి వెళతాను. ఆ నంబరు నేనే గీకేసి, "క్లియర్ చేశాను, మళ్లీ విత్తుకో" అంటే రైతు ఊరుకుంటాడా? వ్యవసాయ అధికారి ఊరుకుంటారా?

నేను మీకు కొత్తవాడిని కాదు. నా మాట మీద మా తమ్ముడు మీ కారే కొన్నాడు, మా అల్లుడూ మీదే కొన్నాడు. బత్తాయి డబ్బులు చేతికొచ్చినప్పుడు ఏ బండి కొనాలని మా దుకాణంలో కూర్చుని అడిగే రైతులకు ఇన్నేళ్లూ మీ పేరే చెప్పాను. ఇకమీదట ఏం చెప్పాలో మీరే రాసి పంపండి, అదే చదివి వినిపిస్తాను. ఏటా పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుతున్నారు, సంతోషం. నా పుట్టిన తేదీ అంత భద్రంగా దాచుకున్నవాళ్లకు నా బండి కోడ్ దాచుకోవడం ఎందుకు కష్టమైంది?

కన్వర్టరే మార్చాలంటే మారుస్తాను, డబ్బు నేనే పెట్టుకుంటాను. నేను బండి తెచ్చిన ప్రతిసారీ మీ స్కానర్‌లో ఏ కోడ్ కనిపించిందో, దానిమీద మీవాళ్లు ఏ పరీక్ష చేశారో కాగితం మీద, తెలుగులో రాసివ్వండి. ఏ పరీక్షా చేయలేదంటే ఆ మాటే రాసి, స్కానింగ్ పేరుతో తీసుకున్న డబ్బు వెనక్కి పంపండి.

ఈ లేఖ కూడా మీ సిస్టమ్‌లో కలిసిపోతే తర్వాతి ఫోన్ 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు. ఆపైన నల్లగొండలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండేచోటే కేసు వేయవచ్చు, నేను కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము లేదు, వకీలును పెట్టుకోకుండా నా వాదన నేనే చెప్పుకోవచ్చు. బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి. అదీ చాలదంటే, ఈసారి మీ ఎక్స్ఛేంజ్ మేళా రోజున పసుపు దీపం వెలుగుతున్న బండిని మీ షోరూం ఎదుట నిలబెట్టి, వచ్చినవాళ్లందరికీ తలుపు తీసి చూపిస్తాను. అప్పుడైనా మీవాళ్లు దానికి ఫొటో తీస్తారేమో.

జవాబు రాసేవారు తమ పేరు, హోదా రాసి సంతకం చేయాలి. కింద "కస్టమర్ కేర్ బృందం" అని మాత్రమే ఉంటే దాన్ని నేను జవాబుగా లెక్కించను.

ఇట్లు,
2015 నుంచి మీ వినియోగదారుడు